నోర్బెర్ వెనక రావలసిన బండి

సెయింట్ ఓడిల్,
మార్చి 7, గురువారం

అక్క లోరెట్‌కి,

తమ్ముడు రెనో నమస్కరించి రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ మేమంతా క్షేమం. కాలి ఎముకలో తొమ్మిది మేకులు దింపించుకుని పడుకున్న మనిషిని క్షేమమా అని అడగడం తెలివితక్కువతనం. అయినా ఉత్తరం అన్నాక అడగాలి కదా, అడిగాననుకో. కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని కంగారుపడి ఉంటావు. ఎవరూ పోలేదు. అసలు ఈ ఉత్తరంలో పెద్ద కబురు అదే.

నీ కాలి వేళ్ళు కదులుతున్నాయని, మళ్ళీ గులాబీ రంగుకొచ్చాయని గిల్మన్ బావ వచ్చి చెప్పిన రోజు, మా ఆవిడ రినెట్ పొయ్యి దగ్గరే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదు. షెడ్డులోకి వెళ్ళి, తుడిచిన బండినే మళ్ళీ గంటసేపు తుడిచాను.

బావ రోజూ రాత్రి భోజనం మా ఇంట్లోనే చేస్తున్నాడు. నువ్వు లేవన్న బెంగ మొహంలో కనిపిస్తోంది కానీ పొట్టలో కనిపించడం లేదు. రినెట్ పోసే ప్లోయ్ అట్లు ఒక్కో పూటకి పదకొండు లాగిస్తున్నాడు. తిన్నాక గిన్నెలు తనే కడుగుతానని పట్టుబడతాడు. మీ పిల్లి మాత్రం మా గడప తొక్కనంటోంది, దానికి నీ పౌరుషమే వచ్చింది. చెరువు మీద మంచు ఇంకా రెండడుగుల మందం ఉంది. వసంతం వస్తుందని చర్చి ఫాదరుగారు ప్రార్థనలో చెప్పారు, నమ్మినవాళ్ళెవరూ లేరు.

ఫోన్ చెయ్యొచ్చు కదరా అంటావు. మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లూ పెట్టేశాను. మన ఇద్దరికీ ఫోన్లో నోరు ముందు పరిగెడుతుంది, బుర్ర వెనకాల కుంటుకుంటూ వస్తుంది. పోయిన నెల ఇరవయ్యో తారీకున బాంగర్ దాకా కారులో వచ్చాను కూడా. ఆసుపత్రి కింది అంతస్తులో కూర్చుని, మెషీన్ కాఫీ రెండు కప్పులు తాగి, లిఫ్టు దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చేశాను. ఈ సంగతి బావకి కూడా తెలియదు. మూడేళ్ళు మాట్లాడని మనిషి గదిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తోచలేదు. అందుకే ఈ కాగితం. ఎడమ చెయ్యి కాగితాన్ని సరిగ్గా అదిమి పట్టదు కాబట్టి పంచదార డబ్బా బరువు పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

నువ్వు పదేపదే అడుగుతున్నావట, "రెనో అక్కడికెలా వచ్చాడు? నేను పడ్డానని వాడికెవరు చెప్పారు?" అని. బావకి తెలియదు. నీ ముందు బండి నడిపిన నోర్బెర్‌కి సగమే తెలుసు. నీకు మధ్యలో స్పృహ తప్పింది కాబట్టి నీకూ పూర్తిగా తెలియదు. మొదట్నుంచీ నేనే రాస్తాను.

మూడేళ్ళ కిందటి జనవరి సంగతి ఎత్తకుండా ఇది చెప్పలేను. దానికి ముందు సెప్టెంబరులో, బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో, యంత్రం బెల్టు నా ఎడమ భుజాన్ని నమిలేసింది గుర్తుందిగా. వేళ్ళు దక్కాయి, పట్టు దక్కింది. బ్రేకు నొక్కగలను, కప్పు పట్టుకోగలను. భుజం మాత్రం మొండికేసింది. చెయ్యి రొమ్ము దాకా వస్తుంది, అక్కడ ఎవరో పైనుంచి అదిమినట్టు ఆగిపోతుంది. ముప్పై చలికాలాలు క్లబ్బు స్నోమొబైల్ మంచుబళ్ళ వరసలో తిరిగినవాణ్ణి. చెయ్యి పోయిందన్న బాధకన్నా, "శనివారం వస్తున్నావా రెనో?" అని ఇక ఎవరూ అడగరేమోనన్న భయమే నన్ను ఎక్కువ తినేసింది.

ఆ గురువారం నువ్వు మాంసం కూరిన రొట్టె పట్టుకుని మా ఇంటికొచ్చావు. బల్ల దగ్గర కూర్చుని, "ఈ ఒక్క చలికాలం ఆగరా. భుజం కుదురుకున్నాక చూద్దాం" అన్నావు. మెత్తగానే అన్నావు. నేను "అలాగేలే అక్కా" అని రొట్టె తిన్నాను. శనివారం పొద్దున అందరికంటే ముందు వెళ్ళి క్లబ్బు ముందు బండి పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత జరిగింది ఊరంతా చూసింది. పద్నాలుగు బళ్ళు వరసగా ఉన్నాయి, ఇంజన్లు మోగుతున్నాయి. నువ్వు ఆ నారింజ రంగు కోటు వేసుకుని వరస వెంట నడుచుకుంటూ వచ్చి నా బండి ముందు ఆగావు.

"రెనో, చెయ్యి లేపు" అన్నావు.

నేను కుడి చెయ్యి లేపి టాటా చెప్పాను. అందరూ నవ్వారు.

"అది బండి నడిపే చెయ్యిరా. దాన్ని తీస్తే బండి ఆగుతుంది. ఎడమది లేపు."

లేపాను. రొమ్ము దాకా వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఇంకా లేపాలని పళ్ళు బిగపట్టాను. మెడ పక్కకు ఒరిగింది కానీ చెయ్యి లేవలేదు.

"ముందువాడు ఆగమని చెయ్యెత్తితే నువ్వూ ఎత్తాలి. నువ్వెత్తితేనే నీ వెనకవాడికి తెలుస్తుంది. సైగ నీ దగ్గరికొచ్చి చచ్చిపోతే, నీ వెనకున్నవాళ్ళు చస్తారు. వరసలోంచి బండి తియ్యి" అన్నావు.

అప్పుడు నేనన్న మాట నువ్వు మర్చిపోయి ఉండవు. నేనూ మర్చిపోలేదు. "నీకు తమ్ముడికంటే ఆ రూళ్ళ పుస్తకం ఎక్కువైతే, ఇక దాన్నే తమ్ముడూ అని పిలుచుకో. నాకు అక్క లేదు" అన్నాను. అందరూ వినేట్టు హెల్మెట్ తీసి మరీ అన్నాను.

ఊరు నా పక్షం వహించింది. వహించదా మరి? ఒక పక్క చెయ్యి పోయినవాడు, ఇంకో పక్క కొరడా లాంటి మాట. "సొంత తమ్ముణ్ణి, అదీ అవిటివాణ్ణి, పదిమందిలో అలా నిలబెడుతుందా?" అన్నారు. చర్చిలో నీ బెంచీ మీద జనం పలచబడ్డారు. ముప్పై ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర చేసిన క్రిస్మస్ విందు రెండు ఇళ్ళకి చీలిపోయింది. నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నేను అందరి జాలీ పుచ్చుకున్నాను. వేడి సూపులాంటిది జాలి, చలిలో ఎవడు వద్దంటాడు?

ఇక శనివారాల సంగతి. ఇది రినెట్‌కి కూడా నిన్ననే చెప్పాను.

ఒంటరిగా బండి నడపడానికి సైగలు అక్కర్లేదు కదా, నేను నడుపుతూనే ఉన్నాను. శనివారం పదింటికి "కట్టెల సంగతి చూసొస్తా" అని ఇంట్లో చెప్పి, మూడు బాటలు కలిసే చోటికి వెళ్ళేవాణ్ణి. దేవదారు చెట్ల వెనక బండి ఆపుకుని, మీ వరస వెళ్ళేదాకా నిలబడేవాణ్ణి. కార్లీన్ ముందు, మిగతావాళ్ళు మధ్యలో, నారింజ కోటుతో నువ్వు ఆఖర్న. ఎవరి బండి కొత్తది, ఎవరి ఇంజన్ దగ్గుతోంది, అన్నీ నాకు తెలుసు. మూడు చలికాలాల్లో నాలుగైదు శనివారాలు తప్పాయేమో, అంతే. నిన్ను చూస్తే ఒళ్ళు మండేది. నువ్వు కనిపించకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. ఇదేం బుద్ధో నన్నడక్కు.

ఫిబ్రవరి పదో తారీకు కూడా అలాగే బయల్దేరాను. బ్యాటరీ చలికి మొరాయించి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. చెట్ల వెనక్కి చేరేలోపే బాట మీద మీ వరస ఎదురైంది. తప్పించుకునే వీల్లేదు. కుడి పక్కకి ఒదిగి మెల్లిగా వెళ్ళాను.

ఎదురుగా బండి వస్తే వరసలో ప్రతివాడూ ఏం చెయ్యాలో నువ్వే కదా మీ వంటింటి బల్ల చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పావు. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి తిప్పితే, 'నా వెనక ఇంకా వస్తున్నారు' అని. పిడికిలి బిగించి ఎత్తితే, 'నేనే ఆఖరు, ఇక దారి నీది' అని. కార్లీన్ బొటనవేలు తిప్పింది. రెండోవాడు తిప్పాడు. ఒక్కొక్కరే మంచు పొడి లేపుకుంటూ పోతున్నారు. నన్ను గుర్తుపట్టి ఇద్దరు తల కూడా ఊపారు. ఎనిమిదోవాడు నోర్బెర్. వాడూ బొటనవేలు వెనక్కి తిప్పి వెళ్ళిపోయాడు.

తొమ్మిదోదానివి నువ్వు. నేను బండి ఆపేసి కూర్చున్నాను. మూడేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ ఎదురుపడలేదు. తల ఊపనా, మొహం తిప్పుకోనా అని ఆలోచిస్తున్నాను. మంచు పొడి సద్దుమణిగింది. బాట కనిపించింది. నువ్వు రాలేదు.

నిజం చెప్పొద్దూ, మొదట హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. 'ఈ వేళ అక్క రాలేదు, గండం గడిచింది' అనుకున్నాను. బండి ముందుకు కదిలించాను కూడా. పది గజాలు వెళ్ళాక తట్టింది. నువ్వు రాకపోతే నోర్బెరే ఆఖరు. ఆఖరివాడు పిడికిలి చూపించాలి. వాడు బొటనవేలు చూపించాడు. అంటే వాడి లెక్క ప్రకారం వెనక ఒక బండి ఉంది.

ఇంజన్ ఆపి హెల్మెట్ తీశాను. ఎక్కడా చప్పుడు లేదు. ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు చూశాను. నోర్బెర్ ఒట్టి అలవాటు కొద్దీ వేలు తిప్పి ఉంటాడనుకున్నాను. నీ బండి బెల్టు తెగి ఉంటే, నువ్వే మార్చుకుంటావు. నేను వెళితే, "ఎవడు పిలిచాడు నిన్ను?" అంటావు. పదిమంది ముందు తెగతెంపులు చేసుకున్నవాణ్ణి, ఏ ముఖంతో వెళ్ళి స్పానర్ అందిస్తాను? ఇలా వాదించుకుంటూ ఇంకో నిమిషం పాడు చేశాను. ఆ నిమిషం నువ్వు నీళ్ళలో ఉన్నావు. అది నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

మీరు వచ్చిన జాడ పట్టుకుని అర మైలు వెనక్కి వెళ్ళాను. వాగు మీది ఇరుకు వంతెన దగ్గర గట్టు విరిగి ఉంది. పక్కనే మూస్ దుప్పి గిట్టల గుర్తులు, ఒక్కోటి నా అరచెయ్యంత. దానికి దారివ్వబోయి నువ్వు పక్కకి తిప్పి ఉంటావు. కిందికి చూశాను. బండి ముక్కు వాగులోకి, వెనక భాగం గట్టు మీదికి, ఆ కింద నారింజ రంగు.

నేను ఎలా దిగానో గుర్తులేదు, జారే ఉంటాను. కుడి కాలు బండి కింద ఇరుక్కుని ఉంది. మోకాళ్ళ దాకా విరిగిన మంచు, నల్లటి నీళ్ళు. హెల్మెట్ అద్దం పైకెత్తితే కళ్ళు తెరిచే ఉన్నావు, కానీ నన్ను చూడటం లేదు. పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గరపెట్టి విన్నాను.

"నేనే ఆఖరు. నా వెనక ఎవరూ లేరు" అంటున్నావు. అదే మాట మళ్ళీ మళ్ళీ.

"నేనున్నాను కదే అక్కా" అన్నాను.

అప్పుడు చూశావు. చూసి ఏమన్నావో తెలుసా? "నీ చెయ్యికి నొప్పెట్టదూ?" అన్నావు. నీకు గుర్తుందో లేదో.

అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, ఒకటిన్నర చేతులవాణ్ణి, బండి ఎత్తడం నా వల్ల అయ్యే పని కాదు. ఫోన్ అక్కడ పలకదు. నీ సీటు కింద తాడు ఉంటుందని తెలుసు, నువ్వు తాడు లేకుండా మంచం కూడా దిగవు. ఒక కొస నీ బండి వెనక కడ్డీకి కట్టాను, ఇంకో కొస గట్టెక్కి నా బండికి కట్టాను. వెనక్కి లాగితే బండి నీ కాలి మీంచి పైకి జారాలి. కానీ ఒక చిక్కు. బండి మీద కూర్చుంటే నాకు నువ్వు కనిపించవు. ఇంజన్ మోతలో కేక వినిపించదు. లాగుతుంటే బండి పక్కకి ఒరిగితే కాలు నుజ్జయిపోతుంది, నాకు తెలియను కూడా తెలియదు.

మళ్ళీ కిందికొచ్చి చెప్పాను. "అక్కా, వింటున్నావా? నొప్పెడితే గట్టు పైకి కనిపించేట్టు చెయ్యి లేపు. ఆపుతాను. దించితే లాగుతాను."

"నాకు నువ్వు సైగలు నేర్పుతావురా?" అన్నావు. అంత బాధలోనూ అన్నావు! అప్పుడే అనుకున్నాను, ఇది బతుకుతుంది అని.

పైకెళ్ళి బండెక్కి వెనక్కి తిరిగి చూశాను. గట్టు అంచు మీద మంచు తప్ప ఏమీ లేదు. కుడి బొటనవేలితో బండి నడిపే మీట మెల్లిగా నొక్కాను. తాడు బిగిసింది. నీ బండి ఒక జానెడు కదిలింది. గట్టు మీద నీ చెయ్యి లేచింది, నిటారుగా, అరచెయ్యి చాపి, క్లాసులో చూపించినట్టే. ఆపాను. చెయ్యి దిగింది. నొక్కాను. ఇంకో జానెడు. మళ్ళీ లేచింది. ఈసారి చాలాసేపు దిగలేదు. నాకు చెమటలు పట్టాయి, ఆ చలిలో. దిగింది. నొక్కాను. మొత్తం ఏడుసార్లు లేపావు. ఏడుసార్లు ఆపాను. మూడేళ్ళ తర్వాత మనం తిన్నగా మాట్లాడుకున్నది అదే.

ఎనిమిదోసారి బండి ఒక్క ఊపున గట్టెక్కేసింది. నీ చెయ్యి కనిపించలేదు. పరిగెత్తుకొచ్చేసరికి స్పృహ తప్పి ఉన్నావు, కానీ ఊపిరి ఆడుతోంది. ఇక్కణ్ణించి నీకు తెలియదు. చంకల కింద నా కుడి చెయ్యి వేసి, కోటు కాలరు పళ్ళతో పట్టుకుని, నీళ్ళలోంచి బయటికి ఈడ్చాను. తడిసిన బూట్లు కోసి తీసేశాను. నా కోటు తీసి నీ కాళ్ళకి చుట్టి, నీ పాదాలు నా చొక్కాలోపల పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. అబ్బ, రెండు చేపలు పెట్టుకున్నట్టుంది! నువ్వు వినకపోయినా తిడుతూనే ఉన్నాను, నిద్రపోకే, లేవవే అని.

ఎంతసేపో. దూరంగా ఇంజన్ వినిపించింది. వంతెన మలుపులో ఉంది, నా బండి బాటకి అడ్డంగా ఉంది. వచ్చేవాడు చూసుకోకుండా వస్తే అందరం వాగులోనే. నీ కాళ్ళు కోటులో దూర్చి, మలుపు దాకా పరిగెత్తి, కుడి చెయ్యి ఎత్తి నిలబడ్డాను. పుస్తకంలో కుడి చెయ్యి లేదని తెలుసు. క్షమించు.

వచ్చింది నోర్బెర్. పద్నాలుగు మైళ్ళ అవతల గుడిసె దగ్గర ఆగాక కానీ వెనక నువ్వు లేవని వాడికి తెలియలేదు. బండికి వెనక చూసుకునే అద్దం మంచుకట్టి మూసుకుపోయిందట. నువ్వు వెనక ఉంటావన్న నమ్మకం కొద్దీ చూడకుండానే వేలు తిప్పాడు. వాడి వెనకే కార్లీన్, తర్వాత అడవి శాఖవాళ్ళు ఈడ్చే స్ట్రెచర్‌తో వచ్చారు. మిగతాది నీకు డాక్టర్లు చెప్పే ఉంటారు. ఇంకో అరగంట అయితే కాలు కాదు, మనిషే దక్కేది కాదన్నారట. బావ ఆ మాట చెబుతూ మా వరండాలో నన్ను పట్టుకుని ఎంతసేపు వదల్లేదో! ఆ రాత్రి మూడేళ్ళ తర్వాత మొదటిసారి నేను తెల్లవారేదాకా మెలకువ రాకుండా పడుకున్నాను. భుజం మీంచి ఏదో దించినట్టుంది, ఆ పాడు భుజం మీంచే.

నోర్బెర్ పది రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. బండి అమ్మేస్తానన్నాడు. నేనే వెళ్ళి, "ఒరేయ్, నువ్వు అద్దం తుడుచుకుని ఉంటే నువ్వే వెనక్కెళ్ళి మా అక్కని కాపాడేవాడివి, నాకీ పేరొచ్చేది కాదు" అని నవ్వించబోయాను. నవ్వలేదు కానీ కాఫీ పోశాడు.

క్లబ్బువాళ్ళు నిన్నొచ్చారు. నువ్వు వచ్చేదాకా ఆఖరి బండి నన్ను నడపమన్నారు. ఆఖరివాడి వెనక ఎవరూ ఉండరు కదా, సైగ అందించక్కర్లేదు కదా అన్నారు. వద్దన్నాను. ఎదురొచ్చేవాడికి పిడికిలి ఎత్తి చూపించాలి, నాది రొమ్ము దాటదు. నువ్వన్నది తప్పు కాదని ఆ వంతెన దగ్గర నాకు తెలిసిందని చెప్పాను. దాని బదులు బాట చదును చేసే ట్రాక్టరు నడుపుతానన్నాను. దానికి చేతులు ఎత్తే పని లేదు. సోమవారం నుంచి మొదలు.

నువ్వు ఈస్టరుకి ఇంటికొస్తావని బావ అంటున్నాడు. క్రిస్మస్ విందులు మూడు బాకీ ఉన్నాం మనం. నీ కాలు బల్ల కింద పట్టకపోతే బల్లే మార్చేద్దాం. తొందరపడి నడవకు. నర్సులకి రూళ్ళు నేర్పకు.

ఉంటాను మరి.

నీ తమ్ముడు,
రెనో

తా.క.
మార్చి 10, ఆదివారం

అక్కా, ఉత్తరం అంటించి మూడు రోజులైంది, పోస్టు చెయ్యలేకపోయాను. ఇవాళ కవరు చింపి ఇది కలుపుతున్నాను. నువ్వన్నది తప్పు కాదని వంతెన దగ్గర తెలిసిందని రాశాను. అబద్ధం. నాకు మూడేళ్ళ ముందే తెలుసు.

నువ్వు నన్ను ఆపిన శనివారానికి ముందు శనివారం, నువ్వు మనవరాలి బాప్తిస్మానికి వెళ్ళావు. నేను వరసలో చివరినుంచి రెండోవాణ్ణి, నా వెనక నోర్బెర్. లారీ రోడ్డు దాటే చోట కార్లీన్ ఆగమని చెయ్యెత్తింది. వరసగా అందరూ ఎత్తారు. నా వంతు వచ్చింది. లేవలేదు. నేను ఆగాను, కానీ నోర్బెర్‌కి సైగ అందలేదు. నన్ను గుద్దకుండా పక్కకి తిప్పి, ఆగినవాళ్ళని దాటుకుని తిన్నగా రోడ్డు మీదికి దూసుకెళ్ళాడు. దుంగల లారీ హారన్ కొట్టుకుంటూ వాడి వెనక జానెడు దూరంలో వెళ్ళింది. అందరూ వాణ్ణి పట్టుకుని చీవాట్లు పెట్టారు, కళ్ళు నెత్తికెక్కాయా అని. నేనూ పెట్టాను. క్లబ్బులో చేరి నెల కాలేదు వాడు, తల దించుకుని పడ్డాడు.

ఇవాళ ప్రార్థన అయ్యాక క్లబ్బులో అందరూ ఫలహారం దగ్గర ఉండగా, లేచి నిలబడి ఇదంతా చెప్పాను. నా భుజం పోయిందని తెలిసీ వరసలో కూర్చున్నానని, మా అక్క అన్నది నిజమని, నోర్బెర్ తప్పు లేదని, మూడేళ్ళు మీ జాలి దొంగతనంగా తిన్నానని చెప్పాను. నోర్బెర్ ప్లేటు పక్కన పెట్టి, "నాకు తెలుసు మామా. నీ చెయ్యి లేవడానికి పెనుగులాడటం నేను వెనకనుంచి చూశాను. ఆ సాయంత్రమే లోరెట్‌కి ఫోన్ చేసి చెప్పాను. నీకు గానీ ఇంకెవరికి గానీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది" అన్నాడు.

అంటే రొట్టె పట్టుకుని వచ్చిన రోజుకే నీకు తెలుసు. ఆ క్లబ్బు దగ్గర పద్నాలుగు బళ్ళ ముందు నేనంత మాట అన్నప్పుడు, ఒక్క ముక్క బయటపెడితే చాలు, ఊరు ఊరంతా నా మొహాన ఉమ్మేది. తర్వాత మూడేళ్ళు నిన్నన్ని మాటలన్నా నోరు విప్పలేదు.

ఇందాక బావ గిన్నెలు కడుగుతుంటే అడిగాను, ఎందుకు చెప్పలేదు అక్క అని. తను వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"నేనూ అడిగానోయ్ అప్పట్లో. 'వాడికి చెయ్యి ఎలాగూ పోయింది, పేరు కూడా పోవాలా?' అంది."